జగదాంబ నుంచి సూళ్ళూరుపేట దాకా

శుక్రవారం, విశాఖపట్నం

కొత్త సినిమా పడేది శుక్రవారం కాబట్టి ప్రయాణం కూడా శుక్రవారమే పెట్టుకున్నాను. కోస్తా పొడుగునా విశాఖ నుంచి కిందికి దిగుతూ పాత సినిమా హాళ్ళన్నీ చూసుకుంటూ సూళ్ళూరుపేట దాకా వెళ్ళాలన్నది ఎప్పటినుంచో ఉన్న కోరిక. నడుస్తున్న హాళ్ళలో ఆట చూడాలి, మూసేసినవాటి ముందు కాసేపు ఆగాలి, వాటిలో పనిచేసినవాళ్ళు దొరికితే కూచుని మాట్లాడాలి. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

స్టేషన్ బయట ఆటో అతనితో "జగదాంబ" అన్నాను. ఇంకో మాట అడక్కుండా బండి తీశాడు. 1970లో కట్టిన 70 ఎం.ఎం. హాలు అది. దాని పేరే చివరికి కూడలి పేరైపోయింది. బట్టల కొట్లూ, నగల కొట్లూ, డాక్టర్ల బోర్డులూ అన్నీ "జగదాంబ దగ్గర" అనే చెప్పుకుంటాయి. కాస్త అవతల లీలామహల్ జంక్షన్. అదీ హాలు పేరే.

మార్నింగ్ షోకి దొరికిన టిక్కెట్టు ముందు వరసల్లోది. ఏ సినిమా, ఎలా ఉందన్నది ఇక్కడ రాయను, నేను వెళ్ళింది జనం మధ్య కూచోడానికి. టైటిల్ కార్డు పడగానే ముందు నుంచి కాగితం ముక్కలు లేచాయి, ఈలలు మొదలయ్యాయి. కాసేపటికి ఒక హాస్య సన్నివేశం వచ్చింది. పెద్ద హాల్లో నవ్వు ఒక్కసారిగా పుట్టదు. ముందు వరసల్లో మొదలై వెనక్కి పాకుతుంది, బాల్కనీ దాకా వెళ్ళి మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ రెండో రాకకి, ఇందాక జోకు అర్థం కానివాడు కూడా నవ్వేస్తాడు. పక్కన కూచున్న పెద్దాయన పరిచయం లేకపోయినా నా భుజం మీద చెయ్యేసి మరీ నవ్వాడు. రెండు వందల సీట్ల హాల్లో ఎంత మంచి సౌండు పెట్టినా ఇది జరగదు. జరగడానికి జనం చాలరు.

బయటికొచ్చాక ఎండలో నిలబడి చెరుకు రసం తాగాను. పక్కనే నలుగురు కుర్రాళ్ళు అప్పుడే ఫోన్లో ఎవరికో రిజల్టు చెప్పేస్తున్నారు. ఇదివరకు ఆ పని చేసింది హాలు ముందు టీ కొట్టు. మ్యాటినీ క్యూ దాని మాట విని నిలబడాలో, ఇంటికి పోవాలో తేల్చుకునేది.

శనివారం, రాజమండ్రి

రైలు దిగేసరికి మధ్యాహ్నం. గోదావరి గట్టున కాసేపు కూచుని ఊళ్ళోకి నడిచాను. 1936లో నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టింది ఈ ఊళ్ళోనే. ఆంధ్ర దేశంలో అదే మొదటిది. మద్రాసు వెళ్ళకుండా మన గడ్డ మీదే సినిమా తీయొచ్చని నమ్మిన మనిషి ఆయన. ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు.

హాళ్ళ పేర్లు పెట్టడంలో రాజమండ్రికి మంచి రుచి ఉంది. రంభ, ఊర్వశి, మేనక. శ్యామలా సెంటరుకి ఆ పేరు ఎలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం కుర్చీ క్లాసులో కూచుని సగం సినిమా చూశాను. హాలు మూడొంతులు ఖాళీ. రేపటి బస్సు పెందరాళే ఉందని లేచి వచ్చేశాను.

ఆదివారం, కోనసీమలో ఒక ఊరు

రావులపాలెం దాటాక కాలవ గట్టు మీద ఆటోలో వెళ్ళాలి. ఊరి పేరు రాయొద్దని హాలు యజమాని కోరారు, రాయను. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి మూసిన హాలు, తర్వాత తెరవలేదు. ఇప్పుడందులో కొబ్బరికాయలు పోస్తున్నారు.

తలుపు తీయగానే కొబ్బరి పీచు వాసన. సినిమా హాల్లో నేల తెర వైపు వాలుగా ఉంటుంది కదా, రాశి పోస్తే కాయలన్నీ ముందుకి దొర్లిపోతున్నాయని పాత బెంచీల చెక్కలు ఊడదీసి అడ్డంగా కొట్టారు. ఒక చెక్క మీద తెల్ల రంగుతో వేసిన సీటు నంబర్లు ఇంకా ఉన్నాయి. తెర తీసేశారు, వెనక సున్నం గోడ మిగిలింది. ఆ గోడ మధ్యలో, తెర వెనక స్పీకరు ఉండే చోట నల్లటి చదరం.

ఆపరేటరు గారు డెబ్బై దాటిన మనిషి. నేనొస్తున్నానని తెలిసి ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ప్రొజెక్టర్ క్యాబిన్‌కి ఇనప మెట్లు. "జాగ్రత్తండి, మూడో మెట్టు కదుల్తాది" అంటూ తను ముందెక్కారు. గోడలన్నీ మసి. ఒక్కో మిషనుకి గోడలో రెండేసి కంతలు, ఒకటి వెలుతురు వెళ్ళడానికి, రెండోది ఆపరేటరు చూడ్డానికి. నిప్పంటుకుంటే గభాల్న మూసేయడానికి వాటికి ఇనప రేకు తలుపులు. రెండు మిషన్లలో ఒకటి ఇనప సామాన్ల కొట్టుకి తూకానికి వెళ్ళిపోయింది. రెండోది లెన్సు లేకుండా మూల నిలబడి ఉంది.

"ముందు కార్బన్‌లండి. రెండు కడ్డీలు, పైన రాగి పూత. ఆటిని దగ్గరికి తెచ్చి అంటిత్తే మంట లేత్తాది. కాలేకొద్దీ అరిగిపోతాయి కదండీ, మజ్జెలో ఎడం పెరక్కుండా మరతో జరుపుకుంటా ఉండాలి. ఏమరితే తెర మీద హీరో నల్లబడిపోతాడండి. కిందనుంచి బూతులే."

వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలాడుతుంది. సినిమా మొత్తం పదిహేను, పదహారు రీళ్ళు, పాత సినిమాలైతే ఇంకా ఎక్కువ. ఒక మిషన్ మీద రీలు అయిపోవస్తుంటే రెండోది సిద్ధంగా ఉంచాలి. తెరకి కుడి పక్క పై మూలన చిన్న చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో మిషన్ మోటారు వేయాలి. ఏడు సెకన్లకి మళ్ళీ చుక్క, అప్పుడు ఇటు మూసి అటు తెరవాలి. అది నాకు చేసి చూపించారు. లేని మిషను దగ్గర ఒక చెయ్యి, ఉన్నదాని మీద ఒక చెయ్యి, కళ్ళు కంతలోంచి సున్నం గోడ మీద. పెదాలు కదుపుతూ ఏడు లెక్కపెట్టారు. చేతులు రెండూ ఒక్కసారే కదిలాయి. ఆ కదలికలో తొట్రుపాటు లేదు. హాలు నిండా జనం ఉన్నప్పుడు రోజుకి నాలుగాటలు, ఆటకి పదిహేనుసార్లు చేసిన పని అది. కింద ఒక్కడికీ తెలియకూడదు, తెలియకపోవడమే పనితనం.

ఇక్కడ ఒక మాట. సినిమా చరిత్ర అంటే మనకి నటులు, దర్శకులు, సంగీతం. ఆ చివరి ఏడు సెకన్లు కాపాడినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. మన జిల్లాల్లో ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. వయసైపోతోంది. ఎవరైనా వెళ్ళి వాళ్ళ మాటలు రికార్డు చేయాలి, వీలైతే ఈ ఏడాదే. నేను ఆ రోజు ఫోన్లో చేసుకున్నది గంటన్నర.

రెండూళ్ళకి ఒకే ప్రింటు నడిచిన రోజుల గురించి అడిగాను. ఆ ఊళ్ళో ఆరున్నరకి ఆట మొదలుపెడితే ఇక్కడ ఏడున్నరకి. అక్కడ ఆడేసిన రీళ్ళు పెట్టెలో పెట్టుకుని ఒక కుర్రాడు సైకిల్ మీద తెచ్చేవాడు.

"ఒకసారి వానాకాలంలో కాలవ గట్టు తెగిందండి. కుర్రోడు అవతలే ఉండిపోయేడు. ఇంటర్వెల్ అయిపోయింది, రీలు రాలేదు. స్లైడ్లేసేను. ఉన్న పాటలన్నీ ఏసేను. గోల చేత్తారేమో అనుకున్నానండి. ఒక్కడు లెగలేదు. ఆడోళ్ళు పిల్లల్ని అక్కడే నేల మీద పడుకోబెట్టేసేరు. పదకొండు దాటేక పడవేసుకుని తెచ్చేడండి. ఆడి బట్టలు తడిసిపోయేయి గానీ పెట్టి తడవలేదు. హాలంతా చప్పట్లు. సినిమాకి కాదండి, ఆడికి."

ఆట మొదలయ్యే ముందు మైకులో ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట వేసేవారు. అది వినబడగానే పొలం నుంచి వచ్చినవాళ్ళు కాలవలో కాళ్ళు కడుక్కుని పరుగెత్తేవారని యజమాని గుర్తు చేసుకున్నారు. ఆయన వెళ్ళేముందు నాతో అన్నది ఇంకోటి: "హాలు మూసేక నష్టం ఆగిందండి. కానీ సాయంత్రం ఆరయ్యేసరికి ఏం చెయ్యాలో తెలీదు."

ఆపరేటరు గారింట్లో భోజనం. పనసపొట్టు కూర. వద్దన్నా వినకుండా సంచీలో రెండు కొబ్బరికాయలు పెట్టారు.

సోమవారం, విజయవాడ

దారిలో ఏలూరులో బస్సు వసంత మహల్ సెంటర్ మీదుగా వెళ్ళింది. కిటికీలోంచే చూశాను.

విజయవాడ ఈ ప్రయాణానికి నడిబొడ్డు. 1921లో పోతిన శ్రీనివాసరావు గారు ఇక్కడ మారుతీ టాకీస్ కట్టారు, ఆంధ్రలో మొదటి సినిమా హాలు అదేనంటారు. అప్పటికి సినిమాకి మాట రాలేదు. ఆ తర్వాత దుర్గా కళామందిరం, లీలామహల్, అలంకార్, అప్సర, నవరంగ్, ఊర్వశి, మేనక. ఆ ఊళ్ళో పెరిగినవాడికి ఈ పేర్లు చెబితే చాలు, ఏ హాల్లో ఏ సినిమా చూశాడో ఏకరువు పెడతాడు. ఊర్వశి, మేనక ఉన్న చోట ఇప్పుడు మల్టీప్లెక్స్. ఏలూరు రోడ్డులో విజయా టాకీస్ పేరు మాత్రం బస్టాపుల్లో, చిరునామాల్లో బతికే ఉంది.

గాంధీనగర్ ఒకప్పుడు డిస్ట్రిబ్యూటర్ల పేట. ఏ సందులో చూసినా సినిమా ఆఫీసే, బయట రీళ్ళ పెట్టెలు, వాల్‌పోస్టర్ల కట్టలు. అక్కడ ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర రిప్రజెంటేటివ్‌గా చేసి రిటైరైన ఒకాయన టీ కొట్టు దగ్గర కలిశారు. రిప్రజెంటేటివ్ అంటే ప్రింటుతో పాటు ఊరూరూ తిరిగే మనిషి. ఆటకి ఎన్ని టిక్కెట్లు తెగాయో దగ్గరుండి లెక్కపెట్టి, రాత్రికి కలెక్షన్ రిపోర్టు రాసి పంపాలి. టిక్కెట్టు పుస్తకంలో నంబరు తేడా వస్తే హాలు వాళ్ళతో పోట్లాడాలి. తెల్లారితే వాళ్ళింట్లోనే టిఫిను.

హాళ్ళు ఎందుకు పోయాయని అడిగాను. టీవీ అంటారు, సీడీ అంటారు, ఇప్పుడు ఫోనంటారు అన్నాను.

"అవన్నీ ఉన్నాయి కాదనను. అసలు సంగతి అది కాదు బాబూ," అన్నారాయన. "మా రోజుల్లో ప్రింటు ఖరీదు. ఎంత పెద్ద హీరో అయినా రాష్ట్రం మొత్తానికి ముప్పై నలభై ప్రింట్లు. బెజవాడలో ఒక్క హాలు. గుడివాడ వాడు చూడాలంటే ఇక్కడికి రావాలి, లేదా ఆగాలి. ఇక్కడ యాభై రోజులు, వంద రోజులు ఆడాక ప్రింటు గుడివాడ వెళ్ళేది, అక్కణ్ణించి కైకలూరు, అక్కణ్ణించి పల్లెలు. ఏడాది తర్వాత కూడా ఎక్కడో ఒకచోట డేరాలో ఆడుతుండేది. పన్నెండు వందల సీట్ల హాలు నిండేదంటే ఎందుకు? ఊరంతటికీ ఒకటే హాలు కాబట్టి. ఇప్పుడు శుక్రవారం పొద్దున్నే అన్ని ఊళ్ళలో, అన్ని హాళ్ళలో ఒకటే సినిమా. మూడు రోజుల్లో చూసేవాడు చూసేస్తాడు. సోమవారం వచ్చి చూడు."

ఆ రోజు సోమవారమే. ఫస్ట్ షోకి ఒక పాత హాలుకి వెళ్ళాను. దాని పేరు చెప్పను. వెయ్యి దాకా సీట్లున్న చోట అరవై మంది ఉంటారేమో. ఏసీ వేయలేదు. గేట్ మ్యాన్ వచ్చి, కరెంటు ఖర్చు కూడా రాదండీ అని నెమ్మదిగా చెప్పి ఫ్యాను కింద కూచోమన్నాడు. ఆడవాళ్ళ వైపు మరుగుదొడ్డికి తలుపు గడియ లేదని ఒకావిడ గొడవపడుతోంది. ఆవిడ కోపం న్యాయం. మనం పాత హాళ్ళని తలుచుకునేటప్పుడు ఈ గడియని మర్చిపోతాం. నల్లులు, బీడీ పొగ, బ్లాకులో టిక్కెట్లు, బుకింగ్ దగ్గర తొక్కిడి, ఇవన్నీ కూడా ఆ హాళ్ళలోవే. మల్టీప్లెక్సుకి కుటుంబాలు వెళ్ళడానికి పెద్ద తెరో, మంచి సౌండో కారణమనుకోను. శుభ్రమైన మరుగుదొడ్డి కారణం.

అయినా ఆ రిటైరైన పెద్దాయన చెప్పినదాని మీదే నా మనసు నిలబడింది. వెయ్యి సీట్ల హాలు వంద రోజుల సినిమా కోసం కట్టింది. సినిమా ఆయుష్షు రెండు వారాలకి దిగాక ఆ హాలుకి చేసే పనేమీ మిగల్లేదు. పైగా అది ఊరి నడిమధ్య, రోడ్డు మొహాన ఉన్న స్థలం. దాని మీద వచ్చే అద్దె ఒక పక్క, సోమవారం ఆట కలెక్షన్ ఒక పక్క పెట్టి చూస్తే వారసుల్ని తప్పుపట్టలేం.

హాలు లాబీలో అద్దాల బీరువా ఉంది. అందులో వందరోజుల షీల్డులు, వెలిసిపోయిన ఫోటో కార్డులు. ఇంటర్వెల్లో అందరూ ఫోన్లు చూసుకుంటుంటే ఒక చిన్నమ్మాయి ఆ కార్డులన్నీ వరసగా చూసి, వాళ్ళ నాన్నని "ఈ సినిమాలు ఇప్పుడు వేయరా?" అని అడిగింది.

మంగళవారం, బందరు

డెబ్బై కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలు. బందరు రావడానికి హాళ్ళొక్కటే కారణం కాదు. రఘుపతి వెంకయ్య పుట్టిన ఊరు ఇది. మద్రాసులో ఫోటో స్టూడియో నడుపుకుంటున్న మనిషి, 1910లో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. బొమ్మతో పాటు గ్రామఫోను శబ్దం వినిపించే యంత్రం అది. దాన్ని పట్టుకుని డేరా వేసి చూపిస్తూ ఆంధ్రలో ఊళ్ళు తిరిగారు, బర్మా, సిలోన్ కూడా వెళ్ళారు. తర్వాత మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ హాళ్ళు కట్టించారు. మన నేల మీద ఒక దేశీయుడు సొంత హాలు కట్టి సినిమా చూపించిన తొలి రోజులవి. ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన 1921 నాటి మూకీనే మొదటి తెలుగు చిత్రంగా లెక్కపెడతారు. అంటే మారుతీ టాకీస్ కట్టిన ఏడాదే. ఆయన పేరుతో ప్రభుత్వం పురస్కారం ఇస్తోంది, అది పెద్దలకి తెలుసు. ఆయన ముందుగా ఎగ్జిబిటర్ అని, జనానికి బొమ్మ చూపించడానికి ఊరూరూ డేరా మోసిన మనిషి అని ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాలని నాకనిపిస్తుంది.

రేవతి సెంటర్లో దిగి లక్ష్మీ టాకీస్ సెంటర్ దాకా నడిచాను. రెండూ హాళ్ళ పేర్లే, చెప్పాను కదా, కోస్తా అంతా ఇదే వరస. బందరు హల్వా కొనుక్కున్నాను. మిఠాయి కొట్టాయన టూరింగ్ టాకీసుల కాలం మనిషి. చల్లపల్లి వైపు చిన్నప్పుడు ఎడ్లబళ్ళ మీద వెళ్ళేవారట. నేల టిక్కెట్టు కొని ఇసకలో చిన్న గుట్ట చేసుకుని దాని మీద కూచోవడం, వెనకవాడు అరవడం, గుట్ట చదును చేయడం. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య తడిక. "అయినా ఏడవాల్సిన చోట తడికకి అటూ ఇటూ ఒకేసారి ముక్కు చీదేవాళ్ళు" అన్నాడాయన.

బుధవారం, నెల్లూరు

చీరాల, ఒంగోలు మీదుగా బస్సు. రోజంతా ప్రయాణమే అయింది. పక్క సీటాయన కడప వ్యాపారి, అప్సర సర్కిల్ దగ్గర ఆయన కొట్టు. మాటల్లో పడి ఇద్దరం హాళ్ళ పేర్లతో ఉన్న కూడళ్ళు లెక్కపెట్టాం: గుంటూరులో నాజ్ సెంటర్, తిరుపతిలో లీలామహల్ సర్కిల్, ఖమ్మంలో మయూరి సెంటర్, హైదరాబాదులో లిబర్టీ, సికిందరాబాదులో పారడైజ్. పారడైజ్ అనగానే ఇప్పుడందరికీ బిర్యానీ గుర్తొస్తుంది, అక్కడ సినిమా హాలుండేదని ఆయనకి తెలియదు. నెల్లూరులో దిగాక కనకమహల్ సెంటర్, నర్తకి సెంటర్ రెండూ చూసి, చేపల పులుసు తిని పడుకున్నాను.

గురువారం, సూళ్ళూరుపేట

శ్రీహరికోట రాకెట్లకి దారి ఈ ఊరి మీదుగానే. ఊరి దగ్గర పిండిపాళెంలో, జాతీయ రహదారి పక్కన 2019లో వి ఎపిక్ హాలు కట్టారు. తెర వెడల్పు 106 అడుగులు, దేశంలోనే పెద్ద తెరల్లో ఒకటి. 650 మందికి పైగా కూచోవచ్చు. పాత హాళ్ళు చూసుకుంటూ వచ్చి కొత్తదాని దగ్గర ఆగడం కావాలనే పెట్టుకున్నాను. పెద్ద తెర మీద ఆశ వదులుకోనివాళ్ళు ఇంకా ఉన్నారో లేదో చూద్దామని.

ఉన్నారు. పార్కింగులో సగం తమిళనాడు బళ్ళు. చెన్నై నుంచి ఎనభై కిలోమీటర్లు దాటి ఒక సినిమా కోసం వచ్చినవాళ్ళు. అందులో ఒకావిడ తెలుగావిడే, టీ నగర్లో ఉంటారట. పిల్లల చిన్నప్పుడు చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ప్రార్థనా డ్రైవ్-ఇన్‌కి కారులో వెళ్ళేవారు. "కారు వెనక్కి తిప్పి డిక్కీ తీసి, పిల్లల్ని అందులో కూచోబెట్టి, పెరుగన్నం డబ్బా విప్పేదాన్ని. ఇప్పుడు ఆ పిల్లలే నన్నిక్కడికి తీసుకొచ్చారు" అన్నారు.

లోపల తెర చూసి కాసేపు మాట రాలేదు. ఒక మొహం తెర నిండా వస్తే కళ్ళు ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడవాలి. సౌండు గుండెకి తగులుతుంది. గురువారం మ్యాటినీ అయినా సగం పైగా నిండింది. విశాఖలో విన్న నవ్వు ఇక్కడా విందామని చెవులు రిక్కించాను. వచ్చింది. కాకపోతే ఇక్కడ అన్ని వైపుల నుంచీ ఒక్కసారే వచ్చి ఆగిపోయింది. కుర్చీలు మెత్తన, మనిషికీ మనిషికీ మధ్య చోటెక్కువ. భుజం మీద చెయ్యేసేవాడు ఎవరూ లేరు. అయినా ఇంటర్వెల్లో ముక్కూ మొహం తెలియని ఇద్దరు పాప్‌కార్న్ లైన్లో నిలబడి క్లైమాక్స్ ఎలా ఉంటుందో పందెం వేసుకున్నారు. నాకది చాలు. ఇలాంటి హాలు జిల్లాకొకటి రావాలని, కట్టేవాళ్ళకి నష్టం రాకూడదని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

ఆట అయ్యాక కౌంటర్లో కుర్రాణ్ణి అడిగాను, ఇక్కడ ఈ సినిమా ఇంకా ఎన్నాళ్ళుంటుందని.

"ఈ రోజుతో ఆఖరండి. రేపు కొత్తది పడతాది. ఆరుకే బెనిఫిట్ షో. టిక్కెట్ కావాలా సార్?"

రాత్రి రైలుకి ఇంకా టైముంది. కావాలన్నాను, రైలు మార్చుకున్నాను.